మా అబ్బాయికి పుట్టుకతో వినపడదు. ఏడో తరగతి. క్లాసులో దిక్కులు చూస్తాడని టీచర్ అంటున్నారు, ఏకాగ్రత లోపమా?

అచ్చం ఇదే కంప్లైంట్ నా మీదా ఉండేది. "తలుపు దగ్గర చీమ కదిలినా దీని తల అటే" అని మా టీచర్ అమ్మతో అన్నారట. నాకూ పుట్టుకతో వినపడదు.

వినపడదు కదా అని నన్ను మొదటి బెంచీలో, సరిగ్గా బోర్డుకి ఎదురుగా కూర్చోబెట్టారు. మేలు చేశామనే అనుకున్నారు పాపం. నా వెనక నలభై మంది. వాళ్ళెందుకు నవ్వారో, ఎవరు లేచి జవాబు చెప్తున్నారో తెలియాలంటే వెనక్కి తిరగాల్సిందే. మీకు వీపు వెనక సంగతి చెవులు చెప్పేస్తాయి. మాకు ఆ కాపలా కూడా కళ్ళే కాయాలి.

1987లో అమెరికాలో హెలెన్ నెవిల్ అనే శాస్త్రవేత్త పుట్టుకతో వినపడక, సైగభాషతో పెరిగినవాళ్ళ మెదడు స్పందనలు కొలిచారు. కంటి చివర కనిపించే కదలికలకి ఆ స్పందనలు వినపడేవాళ్ళలో కంటే బలంగా ఉన్నాయి. తర్వాత డాఫ్నీ బవెలియర్ బృందం ఇంకోటి గమనించింది: వినపడేవాళ్ళ ధ్యాసని ఎదురుగా ఉన్నవి ఎక్కువ చెదరగొడితే, మా ధ్యాసని పక్కన ఉన్నవి చెదరగొడతాయి. అలాగని చూపు పదునెక్కుతుందని అనుకోకండి. నాకు ఎనిమిదిలోనే కళ్ళజోడు వచ్చింది!

తొమ్మిదిలో సైన్సు సారు నన్ను రెండో వరసలో కిటికీ పక్కకి మార్చి, వీపు కిటికీ వైపు వచ్చేలా బెంచీని కాస్త ఏటవాలుగా తిప్పారు. వెలుతురు ఆయన ముఖం మీద పడేది, సగం క్లాసు కనిపించేది. మెడ తిప్పడం చాలావరకు తగ్గిపోయింది. ముందు టీచర్‌ని ఇదే అడగండి.

నోట్సు చెప్పేటప్పుడు కూడా ఒకసారి గమనించమనండి. తల వంచి రాస్తే పెదాల కదలిక పోతుంది, పెదాలు చూస్తే రాత పోతుంది. చూసేవాళ్ళకి అది పరధ్యానంలా ఉంటుంది. నేను పక్కమ్మాయి నోట్సు తెచ్చుకుని ఇంటి దగ్గర ఎక్కించుకునేదాన్ని, క్లాసులో చూడటమే నా పని.

సాయంత్రానికి కళ్ళు లాగేస్తాయి. రాగానే హోంవర్క్‌కి కూర్చోబెట్టకండి, ఓ గంట వదిలేయండి.

వినపడని పిల్లల్లోనూ నిజంగా ఏకాగ్రత సమస్య ఉన్నవాళ్ళు ఉంటారు. ఇంట్లో, కదలికలేమీ లేని గదిలో, తనకిష్టమైన పని మీద కూడా కుదురుగా ఉండలేకపోతే డాక్టర్‌కి చూపించండి, వినపడని పిల్లల్ని చూసిన అనుభవం ఉన్నవాళ్ళైతే మంచిది. బొమ్మలేస్తూ గంటసేపు కదలకుండా కూర్చునే పిల్లాడైతే మాత్రం ముందు బెంచీ మార్చి చూడండి.