రాయి తోముతానన్న మేనకోడలికి

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

పాత రాతి మండపాన్ని బాగుచేసే పని నీ చేతికి వచ్చిందని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది తల్లీ. కానీ పాచి, స్ప్రే పెయింటు అన్నీ వదిలించి నెలలోపు తళతళలాడిస్తానన్నావట. ఆ తళతళే నా భయం.

అనుమతి కాగితం, ఫొటోలు, కొలతలు ముందే చూసుకో. వాటి గురించి నీకు చెప్పక్కర్లేదు.

మొదట అది ఏ రాయో తేల్చు. ఎప్పుడో రాలిపోయిన పెచ్చు మీద పలచని ఆమ్లం ఒక్క చుక్క వేస్తే, నురగొస్తే సున్నపురాయో పాలరాయో, లేదా సున్నం పట్టి ఉంచిన ఇసుకరాయో. ఈ పనిలో ఆమ్లానికి ఉన్న చోటు ఆ ఒక్క చుక్కే.

ఎందుకంటున్నానో విను. రాతి కట్టడాలకు జరిగిన పాత అన్యాయం యాసిడ్ కడుగుడు. చవక, పోసిన పూటే తెల్లగా వస్తుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. పాలరాయిని, సున్నపురాయిని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కరిగించేస్తుంది. పోయింది మురికి కాదు, ఉలి గీత. ఇసుకరాయిలో రేణువుల్ని పట్టి ఉంచే సున్నం కరిగి, వేలితో రాస్తే ఇసుక రాలుతుంది. గ్రానైట్‌కు ఏమీ కాదనుకుంటారు. అందులోని నల్ల అభ్రకంలో ఇనుము ఉంటుంది. అది బయటికొచ్చి తర్వాత తుప్పురంగు మరకలుగా తేలుతుంది. నీళ్లు పోసి కడిగేశాం కదా అంటారు. రంధ్రాల్లోకి దిగిన ఆ ఆమ్లంలోని క్లోరైడు పైపై నీళ్లకు రాదు. ఆరినప్పుడల్లా లోపల ఉప్పు స్ఫటికాలు కట్టి పైపొరను పెచ్చులుగా తోసేస్తుంది. పైగా గరుకెక్కిన రాయి తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది కనక పాచి మునుపటికన్నా త్వరగా వస్తుంది. బట్టల బ్లీచింగు ద్రావణమూ ఉప్పునే మిగులుస్తుంది. ఇనుప బ్రష్షు సరేసరి, విరిగిన పోగులు రాతిలో ఇరుక్కుని తుప్పు పడతాయి. మేస్త్రీ ఎంత పెద్దవాడైనా సరే, యాసిడ్ సీసా తెస్తే వెనక్కి పంపెయ్. మొహమాటపడ్డావో, నీతో మాట్లాడను.

లైకెన్లను, అంటే రాతికి పొలుసుల్లా అంటుకుని పెరిగేవాటిని, పొడిగా గీకకు. వాటి పోగులు రాతిలోకి కొన్ని మిల్లీమీటర్లు దిగి ఉంటాయి, లాగితే రేణువులతో సహా ఊడతాయి. ముందు చంపాలి. వాటిని చంపే మందు బెంజాల్కోనియం క్లోరైడును నీళ్లలో 2 శాతం కలిపి, వాన రాని రోజు చూసి, మెత్తని కుంచెతో పట్టించు. రెండు మూడు వారాలు వదిలెయ్. రంగు మారి వదులయ్యాక తడిపి, నైలాన్ బ్రష్షుతో, వెదురు పుల్లతో తియ్యి. మందంగా ఉంటే ఇంకోసారి. పైనుంచి కారే నీటిని ఆపకుండా ఇదంతా చేస్తే మళ్లీ పట్టడం ఖాయం. సందుల్లో మొలిచిన చెట్టును పీకకు, రాళ్లు కదులుతాయి. కోసి, మొదలుకు చెట్టును చంపే మందు పూసి, వేరు చచ్చాక సున్నపు గారతో నింపు. సిమెంటు వద్దు, అది రాయికన్నా గట్టి. తడి అతుకులోంచి పోలేక రాతిలోంచి పోతుంది.

పెయింటుకు మాత్రం ఆలస్యం పనికిరాదు, ముదిరేకొద్దీ మొండికేస్తుంది. గుడ్డకు థిన్నర్ అద్ది రుద్దితే రంగు కరిగి లోపలికి దిగుతుంది. కింద చెప్పే ముద్దను ముందు ఏ మూలో కనపడని చోట అరచేయంత పరీక్షించి, పూర్తిగా ఆరాకే తీర్పు చెప్పు. తడి రాయి అన్నీ దాచేస్తుంది. రాతిమీద పలచని టిష్యూ కాగితం పరిచి, రంగును కరిగించే అసిటోన్‌తో కలిపిన కెయోలిన్ (తెల్ల బంకమట్టి) ముద్దను సెంటీమీటరు మందం పెట్టి, పాలిథీన్ కప్పు. రంగు ముద్దలోకి ఎక్కాక తీసెయ్. రెండు మూడు సార్లకు సన్నని నీడ మిగిలితే అక్కడ ఆగు.

అసిటోన్ దగ్గర నిప్పు రవ్వ ఉండకూడదు. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు తల్లీ, ఇలాంటి ఆవిరిని పట్టే డబ్బా, అంటే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి, ఉన్న మాస్కే పెట్టుకో. గర్భగుడి లాంటి ఇరుకు గదిలో ఒంటరిగా ఉండకు. ఇందులో నాతో వాదించకు.

చెక్కిన పేర్లను అరగదీయకు. గీత పోవాలంటే చుట్టూ రాయంతా పోవాలి. నీళ్లు నిలిచే గాట్లు మాత్రం సున్నం, రాతిపొడి కలిపి పూడ్చు. విరిగిన ముక్కలకు ఇనుప కడ్డీలు వద్దు. గ్రీసులోని ఏథెన్స్‌లో ఉన్న పార్థినాన్ గుడిలో ప్రాచీనులు ఇనుప బందులకు సీసం పోశారు. 20వ శతాబ్దం మొదట్లో దాన్ని బాగుచేసిన ఇంజినీరు బలానోస్ సీసం లేకుండా ఇనుము వేస్తే అది తుప్పు పట్టి, ఉబ్బి పాలరాతిని చీల్చింది. ఇప్పుడక్కడ టైటానియం వాడుతున్నారు.

ఏ రాయో, తడి ఎక్కడినుంచి వస్తోందో రాసి పంపు. అప్పటిదాకా మందులు కొనకు.

మావయ్య