కాగితం చూడకుండా మాట్లాడటం కంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి

మీ ప్రశ్న: పెద్ద చదువులవాళ్లు, అక్షరం రానివాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అందరూ ఉన్న సభలో కాగితం చూడకుండా పది నిమిషాలు మాట్లాడటం ఎలా?

కాగితం చూడండి, తప్పేం లేదు. జనానికి విసుగొచ్చేది తల ఎత్తకుండా చదివేసినప్పుడు.

తయారీ లేకుండా దంచేయాలనేవాళ్లంతా అమెరికా నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ని ఉదాహరణగా తెస్తారు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో ఆయన రాసుకొచ్చిన ప్రసంగం నడుస్తుండగా, గాయని మహాలియా జాక్సన్ వెనకనుంచి ‘ఆ కల గురించి చెప్పు’ అని కేకేసిందంటారు. ఆయన కాగితం వదిలేసి ‘నాకో కల ఉంది’ అని అందుకున్నారు. కథ ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఆ ముక్క అప్పటికప్పుడు పుట్టింది కాదు. అదే ఏడాది జూన్‌లో డెట్రాయిట్‌లో, అంతకుముందు 1962లో నార్త్ కరోలినాలో చెప్పినదే. నోట్లో నలిగి ఉంది కాబట్టే అడగ్గానే వచ్చింది.

మీరూ అలాగే ముక్కలు తయారు చేసుకోండి. పది నిమిషాలిస్తే ఎనిమిదికే సిద్ధం కావాలి, చప్పట్లూ తడబాట్లూ మిగతాది తినేస్తాయి. మూడు విషయాలు చాలు. ఒక్కోటి ఒక్కో అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి, మూలన నంబరు వేయండి (కింద పడితే తెలుస్తుంది ఎందుకో). మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు మాత్రం కంఠతా పట్టండి. మొత్తం బట్టీ పడితే ఒక్క మాట జారగానే వెనకున్నదంతా పోతుంది.

తర్వాత నిలబడి, గొంతెత్తి, టైమర్ పెట్టుకుని చెప్పి చూడండి. మనసులో చదువుకుంటే వాక్యం పొడవు తెలియదు. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కదా, ‘చేస్తూ, చూసి, తెలుసుకుని’ అని సాగదీస్తే వినేవాడు అంతా మోసుకుంటూ కూర్చోవాలి. ఊపిరి చాలని ప్రతి వాక్యాన్నీ రెండుగా విరగ్గొట్టండి. దుబాసీ ఉంటే ఇది మరీ ముఖ్యం, పైగా మీ సమయం సగమైపోతుంది.

రకరకాల జనం ఉంటే, పెద్ద మాటలు తెలియనివాడికీ విషయం తెలిసినవాడికీ ఇద్దరికీ సరిపోయేలా చెప్పాలని పెట్టుకోండి. ‘37.4 శాతం’ అనకుండా ‘పదిమందిలో దాదాపు నలుగురు’ అంటే పిల్లాడికి అర్థమవుతుంది, లెక్క తెలిసినవాడికీ లోటుండదు. తేలిక చేయడమంటే తప్పు చెప్పడం కాదు.

మైకు గడ్డానికి కాస్త కింద, నాలుగు వేళ్ల దూరంలో ఉంచండి. నోటికి ఎదురుగా పెడితే ‘ప’, ‘బ’ పేలతాయి. మైకు జాలీ చుట్టూ పిడికిలి బిగించినా, స్పీకరు ముందుకు నడిచినా కీచుమంటుంది. తల తిప్పితే మైకు పట్టుకున్న చేయీ తిరగాలి.

ఇక వేదిక మీదున్న ప్రతి ఒక్కరి పేరూ బిరుదులతో చదివే అలవాటు ఎవరు పెట్టారో గానీ, సభ చురుగ్గా వినే రెండు నిమిషాలూ దానికే పోతాయి. ‘వేదిక మీది పెద్దలకు నమస్కారం’ అని ఊరుకోండి.

ముందు మాట్లాడినవాళ్లు మీ సమయం తినేయడం మామూలే. ‘ఐదు నిమిషాల్లో ముగించండి’ అనే చీటీ వస్తే వేగం పెంచకండి. ఏ అట్టముక్క తీసేయాలో ఇంటి దగ్గరే గుర్తు పెట్టుకుని, దాన్ని జేబులో వేసేయండి.