టమాటాలు తొడిమ దగ్గర చీలుతున్నాయా? నీళ్లు పోసే తీరు మార్చండి

ఊరెళ్లి వచ్చేసరికి కుండీలు ఎండిపోయాయని నిండా నీళ్లు పోశానన్నారు, మర్నాటికే పండ్లు తొడిమ దగ్గర నుంచి చీలాయన్నారు. కారణం మీరే చెప్పేశారు మేడమ్. బాగా ఎండిన మట్టి ఒక్కసారిగా తడిస్తే వేర్లు నీటిని గబగబా లాగేస్తాయి. లోపలి గుజ్జు ఉబ్బినంత వేగంగా పైతొక్క సాగలేక చిట్లుతుంది. ఎండల తర్వాత పడే గట్టి వానకీ ఇదే జరుగుతుంది. ఇది తెగులు కాదు, మందులేవీ కొట్టకండి. కోడిగుడ్డు పెంకులు వేయమని ఎవరో ఒకరు చెబుతారు. అది కాయ అడుగు నల్లబడి కుళ్లేదానికి చెప్పే చిట్కా, దీనికి పనికిరాదు.

ఎండల్లో రోజూ పొద్దున్నే, ఇంచుమించు ఒకే మోతాదులో పోయండి. వేలు గుచ్చి చూస్తే లోపల తడి ఉందో లేదో తెలిసిపోతుంది. మొదలు చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన వరిగడ్డో ఎండుటాకులో పరవండి. మిద్దె మీద ఇది లేకపోతే పొద్దున పోసిన తడి సాయంత్రానికే ఆరిపోతుంది. కుండీ చిన్నదైనా అంతే, మొక్కకు 20 లీటర్ల పెయింటు బకెట్టయినా ఉండాలి. మళ్లీ ఎప్పుడైనా ఎండిపోతే గంటకోసారి కొంచెం కొంచెంగా తడపండి.

మబ్బు పట్టిందంటే రంగు తిరిగిన కాయల్ని కోసేయండి. ఇంట్లోనే పండుతాయి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. పల్చటి తొక్కున్న రకాలు ఎక్కువ పగులుతాయి, ఈసారి గట్టి తొక్కున్న కోలకాయ రకం వేసి చూడండి. చీలినవాటిని ఆరోజే పప్పులో వేసేయొచ్చు, పగులులో బూజు కనబడితే మాత్రం పారేయండి.