"నౌన్ మళ్ళీనా అమ్మా?"

ఈ సంక్రాంతికి డాలస్‌లో తెలిసినవాళ్ళింట్లో పాట్‌లక్ (తలా ఓ వంటకం తెచ్చుకునే విందు) జరిగితే, పులిహోర గిన్నె దగ్గర ఒకమ్మాయి నన్ను పట్టుకుంది. హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాదిన్నర అవుతోంది. భర్తది కాంట్రాక్టు ఉద్యోగం, ప్రాజెక్టు ఎప్పుడు ఏ రాష్ట్రానికి లాక్కెళ్తుందో తెలియదు. తను హెచ్4 మీద, అంటే భర్త వీసాకి అనుబంధంగా వచ్చే వీసా మీద, ఇంట్లోనే ఉంటోంది కాబట్టి పిల్లలిద్దరికీ హోమ్‌స్కూల్, అంటే బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పడం, మొదలుపెట్టింది.

"లెక్కలు బానే నడుస్తున్నాయక్కా. సైన్స్ అయితే వాళ్ళే ముందొచ్చి కూర్చుంటారు. గ్రామర్ పుస్తకం తీస్తే చాలు, వాడికి కడుపునొప్పి, దానికి బాత్రూమ్. 120 డాలర్లు పెట్టి సెట్టంతా కొన్నాను. మార్చేయమంటారా?"

చేతిలో ప్లేటు పట్టుకుని ఎంతని చెప్పగలం? ఇదే ప్రశ్న ఇంతకుముందు కూడా చాలామంది అడిగారు, అందుకని మిగతాదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా ఘనకార్యం వినండి. మా వాడు మూడో గ్రేడ్‌లో ఉన్నప్పుడు ఒక్క ఏడాదిలో మూడు గ్రామర్ పుస్తకాలు మార్చాను. మొదటిది బోర్ అన్నాడు, ఆగస్టులో మొదలుపెట్టి అక్టోబరులో వదిలేశాం. రెండోదాంట్లో అన్నీ పాటలే, నాలుగు రోజులు పాడి ఐదో రోజు చెవులు మూసుకున్నాడు. మూడోది కంప్యూటర్‌లో. ఇక్కడ నాకు తెలియనిదేమిటంటే, చాలా కంపెనీల పుస్తకాలు నౌన్‌తోనే మొదలవుతాయి. కామన్ నౌన్, ప్రాపర్ నౌన్, సింగులర్, ప్లూరల్, ఆ తర్వాత వెర్బ్. మేం వెర్బ్ దాటేలోపే పుస్తకం మారిపోయేది. ఫిబ్రవరిలో మూడోది తెరిస్తే మొదటి పాఠం చూసి, "నౌన్ మళ్ళీనా అమ్మా?" అన్నాడు. ఆ ఏడాది వాడు నౌన్ మూడుసార్లు నేర్చుకున్నాడు. కామా ఎక్కడ పెట్టాలో ఒక్కసారి కూడా నేర్చుకోలేదు.

ఆ దెబ్బతో మా పాప దగ్గర రెండో తప్పు చేశాను. ఏమైనా సరే పుస్తకం మార్చేది లేదని భీష్మించుకుని కూర్చున్నాను. అది మంచి పుస్తకమే, కానీ ఆ వయసు పిల్లకి బరువు. రోజుకో పేజీ, పేజీకి పన్నెండు వాక్యాలు, నౌన్ కింద ఒక గీత, వెర్బ్ కింద రెండు గీతలు. నాలుగో వాక్యం దాకా చకచకా చేసేది. ఐదో దాని దగ్గర పెన్సిల్ కొరకడం, ఏడో దాని దగ్గర కళ్ళల్లో నీళ్ళు. మేలో పుస్తకం పూర్తయ్యేదాకా లాగాను. అప్పటికి అది "ఐ యామ్ బ్యాడ్ ఎట్ ఇంగ్లిష్" అనడం మొదలుపెట్టింది. అదే పిల్ల మంచం కింద ఓ నోట్‌బుక్ దాచుకుని, అందులో పిల్లి డిటెక్టివ్ కథ రాసుకుంటోంది. నలభై పేజీలు రాసింది. నాకు దొరికినప్పుడు ఏం చేయాలో తోచలేదు.

కాబట్టి మార్చాలా వద్దా అన్నదానికి నా దగ్గర ఒకే మాటలో జవాబు లేదు. కానీ మార్చే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది: పిల్లలకి నచ్చనిది ఏమిటి? గ్రామరా, ఆ పుస్తకమా, పెన్సిలా, మధ్యాహ్నం రెండు గంటలా, పక్కన కూర్చున్న మనమా?

పెన్సిల్ సంగతి చాలామంది పట్టించుకోరు. ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, గ్రామర్ అంటే ఏడుపు అని మనం అనుకునేది చాలాసార్లు చేత్తో రాయడం అంటే ఏడుపే. పరీక్షించడం సులువు. ఒక వారం పాటు పుస్తకం మీరు పట్టుకోండి, వాడు సోఫాలో తలకిందులుగా పడుకున్నా సరే, వాక్యం చదివి "ఇందులో వెర్బ్ ఏది?" అని అడగండి. టకటకా చెప్పేస్తున్నాడా? అయితే పుస్తకానికి ఏ రోగమూ లేదు. పన్నెండు వాక్యాల్లో మూడు చేయించి పేజీ తిప్పేయండి. పన్నెండూ చేయకపోతే పుస్తకం రాసినాయన మీ ఇంటికొచ్చి అడగడు. స్కూల్లో టీచరుకి పాతికమంది పిల్లలుంటారు, ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో తెలియాలంటే అన్ని వాక్యాలు కావాలి. మీకున్నది ఇద్దరు.

నోటితో అడిగినా బిక్కమొహం వేస్తే అది వేరే సంగతి, స్థాయి ఎక్కువైంది. మన పిల్లల్ని ఒక గ్రేడ్ పైనే కూర్చోబెట్టాలనే దురద మనవాళ్ళకి కాస్త ఎక్కువ. లెక్కల్లో అది చెల్లిపోతుందేమో కానీ గ్రామర్‌లో బెడిసికొడుతుంది. నిజానికి మూడో గ్రేడ్ నుంచి ఎనిమిది దాకా తిరిగి తిరిగి వచ్చేవి ఆ ఎనిమిది పార్ట్స్ ఆఫ్ స్పీచే, కొంచెం కొంచెం లోతు పెరుగుతుందంతే. ఒక గ్రేడ్ కిందికి దిగినా, ఆరు నెలలు ఆపేసినా కొంపలేం మునగవు.

ఇక పక్కన కూర్చున్న మన సంగతి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. 'ఎ' ఎక్కడ, 'ద' ఎక్కడ అన్నది తెలుగులో లేని గొడవ కాబట్టి రూల్స్ కంఠతా పట్టాను. యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి, డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చీ మార్చీ ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందుకని ఇంగ్లీషంటే గ్రామర్, గ్రామర్ అంటే రూల్స్ అని నా బుర్రలో పాతుకుపోయింది. మా పాపకి ఖాళీలు పూరించమని ఇస్తే అన్నీ సరిగ్గా రాసింది. "ఇక్కడ 'ద' ఎందుకు పెట్టావు? రూల్ చెప్పు" అన్నాను. "అది అలాగే ఉంటుంది కదమ్మా" అంది. నేను ఒప్పుకోలేదు, మార్కులు కోశాను.

రాత్రి గిన్నెలు తోముతుంటే తట్టింది. మనం రాముణ్ణి చూశాను అంటాం, చెట్టు చూశాను అంటాం. ఒకచోట 'ని' ఎందుకొచ్చింది, రెండోచోట ఎందుకు రాలేదు అని నన్నెవరైనా నిలదీస్తే నేనూ "అలాగే ఉంటుంది కదా" అనేదాన్ని. డు ము వు లు ప్రథమా విభక్తి అని బళ్ళో వల్లెవేసే నాటికే నాకు మాటలన్నీ వచ్చు. విభక్తులు నేర్చుకున్నాక నా తెలుగు మారిందేమీ లేదు, నాకు వచ్చినదానికి పేర్లు తెలిశాయి. ఇక్కడ పుట్టిన పిల్లకి ఇంగ్లీషు అలాంటిదే. చెవికి వచ్చేసిన భాష. దానికి నా రూల్ అక్కర్లేదు, పేరు తెలిస్తే చాలు, అదీ మెల్లగా.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలో ఇంగ్లీషు టీచర్ల జాతీయ మండలి 1963లోనే ఒక నివేదిక వేసింది. విడిగా గ్రామర్ పాఠాలు చెప్పినందువల్ల పిల్లల రాత బాగుపడటం దాదాపు ఏమీ ఉండదని, రాసే సమయాన్ని అది తినేస్తే నష్టం కూడా అని అందులో తేల్చారు. 2007లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా విడి గ్రామర్ వల్ల రాత మెరుగుపడినట్టు కనిపించలేదు. పనికొచ్చిందని తేలినవాటిలో ఒకటి వాక్యాలు కలపడం. 'ద డాగ్ బార్క్‌డ్', 'ద డాగ్ వాజ్ హంగ్రీ' అని రెండిచ్చి ఒక్కటి చేయమనడం. ఒకరు 'ద హంగ్రీ డాగ్ బార్క్‌డ్' అంటారు, ఇంకొకరు 'బికాజ్' తెచ్చి అతికిస్తారు. రెండూ రైటే. రోజూ అన్నం తినేటప్పుడు రెండు వాక్యాలు చాలు, పుస్తకం కొనక్కర్లేదు.

అలాగని గ్రామర్ మొత్తం ఎత్తేయకండి. మేముండే టెక్సాస్‌లో హోమ్‌స్కూల్‌ని ప్రైవేట్ స్కూల్ కింద లెక్కవేస్తారు. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పుతో అది స్థిరపడింది. రీడింగ్, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, గుడ్ సిటిజన్‌షిప్, ఈ ఐదూ చెప్పి తీరాలి. గ్రామర్ అని పేరు పెట్టి మరీ అడిగారు. ఏ పుస్తకం, ఎప్పుడు మార్చారు అని మాత్రం ఎవరూ అడగరు. న్యూయార్క్‌లో ఉన్నవాళ్ళకి అంత వెసులుబాటు లేదు. అక్కడ ఏడాది ప్లాన్ ముందే స్కూల్ డిస్ట్రిక్ట్‌కి రాసివ్వాలి, ఏడాదికి నాలుగు రిపోర్టులు పంపాలి. మధ్యలో పుస్తకం మారిస్తే ఆ సంగతి రిపోర్టులో ఓ లైను రాసి పడేయండి. జర్మనీ వెళ్ళినవాళ్ళకైతే ఈ బాధే లేదు, అక్కడ హోమ్‌స్కూలే కుదరదు.

పైన చెప్పినదంతా చెవికి ఇంగ్లీషు వచ్చిన పిల్లల గురించి. ఇండియాలో మూడు నాలుగు క్లాసులు చదివి వచ్చిన పిల్లాడి కథ వేరు. వాడికి గ్రామర్ రాక కాదు చిరాకు, వచ్చినదాన్ని పుస్తకం తప్పంటోందని. కలర్‌లో 'యు' రాస్తే ఎర్ర గీత. ఫుల్‌స్టాప్ అంటే ఇక్కడ పీరియడ్. బ్రాకెట్లంటే పెరెన్థసీస్. మాటల్ని కోట్స్‌లో పెడితే కామా, పీరియడ్ లోపలికి రావాలంటారు. 'డిస్కస్ అబౌట్', 'ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్', 'కజిన్ బ్రదర్' లాంటివి మనింట్లో వినేవే, వాడి తప్పు కాదు. ఇలాంటి పిల్లాడికి పుస్తకం మార్చినా రెండో పుస్తకం కూడా అదే గీత గీస్తుంది. ఒక తెల్లకాగితం తీసుకుని, మధ్యలో గీత కొట్టి, అటు ఇండియా మాట, ఇటు అమెరికా మాట రాసి ఫ్రిజ్ మీద అంటించండి. "నీది తప్పు కాదురా, అక్కడిది" అని ఒక్కమాట చెప్పండి. ఆ ఒక్కమాటకి మా అన్నయ్య కొడుకు వారంలో దారికొచ్చాడు. రెండేళ్ళలో వెనక్కి వెళ్ళే ఆలోచన ఉంటే మాత్రం, వాయిస్ మార్చడం, రిపోర్టెడ్ స్పీచ్ లాంటివి విడిగా చేయిస్తూ ఉండండి. ఇక్కడి చిన్న క్లాసుల పుస్తకాల్లో అవి అంతగా ఉండవు, అక్కడి స్కూళ్ళలో అడుగుతారు.

ఇన్ని చూశాక కూడా, మూడు వారాలు టైం మార్చి, వాక్యాలు తగ్గించి, నోటితో చెప్పించినా ఏడుపు ఆగకపోతే మార్చేయండి. డబ్బు పెట్టాం కదా అని మే దాకా లాగకండి, ఆ 120 డాలర్లు ఎలాగూ పోయాయి. పిల్లలు "నాకు ఇంగ్లీషు రాదు" అనడం మొదలుపెడితే మూడు వారాలు కూడా ఆగొద్దు.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. వాట్సాప్‌లో ఎవరో అద్భుతం అన్నారని సెట్టంతా, ఫ్లాష్ కార్డులతో సహా ఆర్డర్ పెట్టకండి. చాలా కంపెనీలు శాంపిల్ పేజీలు, ఏ స్థాయిలో మొదలుపెట్టాలో చెప్పే టెస్టు ఫ్రీగానే ఇస్తాయి. ప్రింట్ తీసి నాలుగు రోజులు చేయించి చూడండి. కొత్త పుస్తకం వచ్చాక విషయసూచిక తెరిచి, పాతదాంట్లో ఎక్కడ ఆగారో అక్కడి నుంచే మొదలుపెట్టండి. మొదటి పేజీ నుంచి మొదలుపెడితే ఏమవుతుందో చెప్పానుగా.

మా పాపకి చివరికి పనిచేసింది, మీరు నమ్మరు, వాక్యాన్ని బొమ్మగా గీయడం. రీడ్, కెలాగ్ అనే ఇద్దరు 1877లో పెట్టిన పద్ధతి. పిల్లల్ని భయపెట్టడానికి దీన్ని మించింది లేదని చాలామంది అంటారు, నేనూ అదే అనుకునేదాన్ని. ఓ శనివారం పొద్దున వాళ్ళన్నయ్య దాని దోశ లాగేసుకుని తిన్నాడు. ఏడుస్తున్న పిల్లని వైట్‌బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి 'మై బ్రదర్ ఏట్ మై దోశ' అని రాశాను. కింద ఒక పొడుగు అడ్డగీత. మధ్యలో దాన్ని కోసుకుంటూ కిందికి దిగే నిలువుగీత: ఎడమ పక్క బ్రదర్, కుడి పక్క ఏట్. ఆ తర్వాత అడ్డగీత మీదే ఆగిపోయే ఇంకో చిన్న నిలువుగీత, దాని పక్కన దోశ. రెండు 'మై'లూ వాటి వాటి మాటల కింద ఏటవాలు గీతల మీద. "ఇక్కడ ఇంకా రాయొచ్చా?" అని మార్కర్ లాక్కుని, బ్రదర్ కింద ఇంకో ఏటవాలు గీత గీసి 'గ్రీడీ' అని రాసింది. అది అడ్జెక్టివ్ అని నేను చెప్పలేదు, ఎక్కడ పెట్టాలో దానికి తెలిసింది.

మీ పిల్లలకి ఇది పనిచేస్తుందని కాదు. మా వాడికి ఇదే చూపిస్తే ఆవులించాడు.

ఆ పాట్‌లక్ అమ్మాయి పోయిన వారం ఫోన్ చేసింది. పెద్దవాడికి నోటితో చెప్పించడం మొదలుపెట్టాక కడుపునొప్పి తగ్గిందట. చిన్నదానికి ఆ పుస్తకం నిజంగానే ఎక్కువట, ఒక గ్రేడ్ కిందిది కావాలంది. మా అటక మీద మా పాప వాడి వదిలేసింది ఒకటుంది, శనివారం వచ్చి పట్టుకెళ్ళమన్నాను. మొదటి ముప్పై పేజీలు మా పాప ఎప్పుడో నింపేసింది. అన్నీ నౌన్లే.