న్యాయ సందేహాలు: వారెంట్ ఉందో లేదో తెలిసేదెలా? ఉంటే తీయించుకునేదెలా?

వాయిదాకు రాలేదని మేజిస్ట్రేటు కోర్టులు జారీ చేసే వారెంట్ల మీద పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ప్రశ్నలను కాస్త కుదించాం.

ప్రశ్న: చిట్టీ బాకీ కింద ఇచ్చిన చెక్కు నాలుగేళ్ల కిందట బౌన్స్ అయింది. ఆ తర్వాత ఇల్లు మారాం. మొన్న పాత వీధివాళ్లు "నీ కోసం కానిస్టేబుల్ వచ్చి వెళ్లాడు, ఏదో వారెంటట" అన్నారు. నాకు ఇంతవరకు కోర్టు కాగితం ఒక్కటీ అందలేదు. స్టేషన్‌కి వెళ్లి అడగనా? (ఖమ్మం)

జవాబు: ముందు స్టేషన్‌కి వెళ్లకండి. ఉన్నది నాన్ బెయిలబుల్ వారెంట్, అంటే అందరూ ఎన్‌బీడబ్ల్యూ అనేది అయితే, మిమ్మల్ని వదిలిపెట్టే అధికారం ఎస్సైకి ఉండదు. కనిపించారంటే పట్టుకుని కోర్టులో హాజరుపరచాల్సిందే. బెయిలబుల్ వారెంట్ అయితే ఎంత మొత్తానికి, ఎందరి జామీను మీద వదలాలో దాని మీదే రాసి ఉంటుంది. అప్పుడు స్టేషన్‌లోనే బాండు ఇచ్చి బయటికి రావచ్చు. ఏది ఉందో తేలకుండా వెళ్లడం ఎందుకు?

ఫోన్‌లో ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ వేసుకోండి, లేదా అదే పేరుతో ఉన్న వెబ్‌సైటు తెరవండి. జిల్లా కోర్టుల విభాగంలో రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్సు ఎంచుకుని 'పార్టీ నేమ్'తో వెతకండి. సంవత్సరం అడుగుతుంది. కేసు వేసిన సంవత్సరం ఇవ్వాలి, చెక్కు మీదున్నది కాదు. రెండు మూడు సంవత్సరాలు మార్చి చూడండి. ఎక్కువమంది బోల్తా పడేది పేరు దగ్గరే. ఇంగ్లీషులో లక్ష్మిని 'కె ఎస్ హెచ్'తో రాసేవాళ్లున్నారు, 'ఎక్స్'తో రాసేవాళ్లున్నారు. ఒకచోట ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోచోట పొడి అక్షరమే మిగులుతుంది. పూర్తి పేరు కొట్టకుండా అందులోని ఒక్క ముక్కతో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. మీ పేరుతో దొరక్కపోతే చిట్టీ కంపెనీ పేరుతో వెతకండి, ఫిర్యాదుదారు వాళ్లే కాబట్టి. పోలీసు కేసైతే స్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం ఇచ్చి వెతికే వీలూ ఉంది. చెక్కు కేసులో ఎఫ్‌ఐఆర్ ఉండదు.

కేసు తెరుచుకున్నాక 'కేస్ స్టేజ్' ఒక్కటే చూసి ఆగిపోవద్దు. కింద వాయిదాల పట్టిక ఉంటుంది. ఒక్కో తేదీ మీద నొక్కితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రెండు మూడు ముక్కల్లో కనిపిస్తుంది. ముద్దాయిని పిలిచారు, రాలేదు, తరఫున ఎవరూ లేరు, ఎన్‌బీడబ్ల్యూ జారీ, ఫలానా తేదీకి వాయిదా అని ఉంటే సంగతి తేలినట్టే. కేసు నంబరు (సీసీ అనో ఎస్‌టీసీ అనో మొదలయ్యేది), ఈ-కోర్ట్స్‌లో ఒక్కో కేసుకు ఇచ్చే పదహారు అక్షరాల, అంకెల సీఎన్‌ఆర్ నంబరు, కోర్టు పేరు, వచ్చే వాయిదా తేదీ రాసిపెట్టుకోండి.

సైటులో ఏమీ లేదంటే వారెంట్ లేదని కాదు. ముద్దాయి ఎన్నాళ్లకీ దొరక్కపోతే కేసును విడదీసి వేరే నంబరు ఇస్తారు, లేదా చాలాకాలంగా తేలని కేసుల రిజిస్టరులోకి, అంటే ఎల్‌పీసీలోకి మారుస్తారు. పాత నంబరుతో చూస్తే 'డిస్పోజ్డ్' అని కనిపించి, కేసు అయిపోయిందనుకుంటారు. అందుకే పెండింగ్, డిస్పోజ్డ్ రెండూ వెతకండి. కంప్యూటర్లకు ముందరి కేసులైతే అసలు ఎక్కి ఉండకపోవచ్చు. అప్పుడు ఆ కోర్టులో రోజూ పనిచేసే లాయరుకు వివరాలిచ్చి, బెంచి క్లర్కు దగ్గర రికార్డు చూసి రమ్మనడమే దారి. వారెంటుకు గడువు అంటూ ఏదీ లేదు. జారీ చేసిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా పదేళ్లైనా బతికే ఉంటుంది.

కాగితం అందకుండా వారెంట్ దాకా ఎలా వెళ్లిందంటారా? ప్రైవేటు ఫిర్యాదు కేసుల్లో ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారెంట్, ఆఖరికే ఎన్‌బీడబ్ల్యూ అని 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ సమన్లన్నీ మీ పాత ఇంటికే వెళ్లి ఉంటాయి. తిరిగొచ్చిన కవర్ల మీద పోస్ట్‌మ్యాన్ ఏం రాశాడో లాయరు చేత రికార్డులో చూపించుకోండి. తాళం వేసి ఉంది, ఇల్లు వదిలి వెళ్లారు లాంటి రాత ఉంటే రీకాల్ పిటిషన్‌లో, అంటే వారెంట్ రద్దు చేయమని కోర్టును కోరే పిటిషన్‌లో, మీకు అదే మొదటి బలం.

ప్రశ్న: కొట్లాట కేసులో బెయిలు మీద ఉన్నాను. రెండు వాయిదాలకు వెళ్లలేదు, ఎన్‌బీడబ్ల్యూ ఇచ్చారు. లాయరుగారు "నువ్వు రానక్కర్లేదు, నేను చూసుకుంటా" అంటున్నారు. నమ్మొచ్చా? రీకాల్ ఎలా చేయిస్తారు? (తెనాలి)

జవాబు: గైర్హాజరు పిటిషన్‌కీ రీకాల్ పిటిషన్‌కీ తేడా ఉంది. వాయిదా రోజు మీరు రాలేకపోతే, ఆ ఉదయమే లాయరు గైర్హాజరు పిటిషన్ వేసి మీ హాజరు మినహాయించమని అడగొచ్చు. అది సరిగ్గా వేసి ఉంటే వారెంట్ దాకా వచ్చేదే కాదు. ఒకసారి ఎన్‌బీడబ్ల్యూ ఇచ్చాక దాదాపు ఏ మేజిస్ట్రేటైనా ముద్దాయి ఎదుట నిలబడాలనే అంటారు. వెళ్లండి.

రీకాల్ పిటిషన్ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 70(2) సెక్షన్ కింద, కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 72(2) కింద వేస్తారు. 2024 జులై 1 నాటికే నడుస్తున్న కేసులకు పాత సీఆర్‌పీసీయే వర్తిస్తుంది కాబట్టి సెక్షన్ చూసి వేయాలి. లేకపోతే ఆఫీసు అభ్యంతరం రాసి తిప్పి పంపుతుంది, ఆ రోజు కాస్తా పోతుంది. పిటిషన్‌తో పాటు మీ ప్రమాణపత్రం, ఎందుకు రాలేదో చూపే ఆధారం ఉండాలి. ఆసుపత్రిలో ఉంటే డిశ్చార్జి సమ్మరీ, ఊళ్లో లేకపోతే రైలు టికెట్టు, ఇంట్లో చావు జరిగితే మరణ ధ్రువీకరణ పత్రం. డబ్బులిచ్చి తెచ్చుకున్న మెడికల్ సర్టిఫికెట్ పెట్టకండి. అవతలి పక్షం ఆ డాక్టరును పిలిపించమంటే మీ పరిస్థితి మరింత చెడుతుంది. ఆధారమేదీ లేకపోతే తేదీ మరిచిపోయానని నిజమే రాయండి. చాలావరకు జరిమానాతో పోతుంది.

ఉదయం పదిన్నరకు కోర్టు మొదలయ్యే లోపే పిటిషన్ క్లర్కు చేతికి చేరాలి. కాల్‌వర్క్‌లో, అంటే ఆ రోజు కేసులను వరసగా పిలిచేటప్పుడు, మీ కేసు రాగానే మీరు ముందుకు వస్తారు. మేజిస్ట్రేటు కారణం అడుగుతారు, పాత వాయిదాల్లో ఏం జరిగిందో రాసిన డాకెట్ చూస్తారు. మొదటిసారే అయితే చాలావరకు ఖర్చులు గానీ జరిమానా గానీ కట్టించి రీకాల్ చేస్తారు. రసీదు అదే రోజు దాఖలు చేయాలి.

మీ కేసులో ఇంకో మెలిక ఉంది. మీరు బెయిలు బాండు మీద ఉండి రాలేదు. బాండు జప్తు చేసి, మీ జామీనుదార్లకు డబ్బెందుకు కట్టించకూడదో చెప్పమని నోటీసులు ఇవ్వొచ్చు. కొత్త జామీను అడగొచ్చు. బెయిలబుల్ నేరమైనా సరే, బాండు షరతు తప్పినవాడికి అదే కేసులో మళ్లీ బెయిలు ఇవ్వడానికి కోర్టు నిరాకరించొచ్చని చట్టం చెబుతోంది. కొత్త సంహితలో అది 478(2). కాబట్టి వెళ్లేటప్పుడే ఇద్దరు జామీనుదార్లను వెంటబెట్టుకుని వెళ్లండి. వాళ్ల ఆధార్, ఇంటి పన్ను రసీదు లేదా పట్టాదారు పాసుపుస్తకం, ఉద్యోగులైతే జీతం సర్టిఫికెట్ అసలువి, జిరాక్సులు, ఫొటోలు ఉండాలి. ముద్దాయి మీకేమవుతాడు, మీ ఆస్తి విలువెంత అని మేజిస్ట్రేటు వాళ్లనే అడుగుతారు. తడబడితే ఒప్పుకోరు. కోర్టు ఆవరణలో కిరాయికి దొరికే జామీనుదార్ల జోలికి పోవద్దు. దొంగ కాగితాలు పెట్టారని తేలితే ఆ కేసు మీ మెడకూ చుట్టుకుంటుంది.

వారాంతపు సెలవు ముందు మధ్యాహ్నం, పండగ సెలవుల ముందు రోజు లొంగిపోకండి. జామీను కాగితాల్లో ఒక్కటి తక్కువైనా సెలవులు జైల్లో గడపాలి. మీ మేజిస్ట్రేటు సెలవులో ఉండి ఇన్‌చార్జి ఉన్నారేమో కూడా కనుక్కోండి. ఇన్‌చార్జి అధికారులు వేరే కోర్టు వారెంట్లను తీయడానికి తటపటాయిస్తారు. పెద్ద సెక్షన్ల కేసై, వెళ్తే రిమాండ్ చేస్తారన్న భయం నిజంగా ఉంటే, హైకోర్టులో క్రిమినల్ పిటిషన్ వేసి, ఫలానా తేదీలోగా లొంగిపోతే రీకాల్ పిటిషన్‌ను అదే రోజు తేల్చమని కింది కోర్టుకు ఆదేశం తెచ్చుకోవడం రెండు రాష్ట్రాల్లోనూ వాడుకలో ఉంది.

ప్రశ్న: ఫిబ్రవరిలోనే మా తమ్ముడి వారెంట్ రీకాల్ అయింది. అయినా నిన్న రాత్రి పోలీసులు ఇంటికొచ్చారు. ఇదెలా సాధ్యం? (నంద్యాల)

జవాబు: ఇది చాలా మామూలుగా జరిగే గొడవ. కోర్టు రీకాల్ చేసింది కానీ వారెంట్ కాగితం స్టేషన్‌లో కోర్టు కానిస్టేబుల్ దగ్గరే ఉండిపోయింది. అమలు చేయకుండా తిప్పి పంపమని కోర్టు నుంచి రాసిన లేఖ చేరి ఉండదు, లేదా చేరినా ఎవరూ రిజిస్టరులో కొట్టేసి ఉండరు. రీకాల్ అయిన రోజే రెండు పనులు చేసుకోవాలి. ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేయాలి. స్టేషన్‌కి వెళ్లే లేఖ పంపారో లేదో క్లర్కును అడిగి, కాపీ ఒకటి స్టేషన్‌లో ఇచ్చి, చేరినట్టు ముద్ర వేయించుకోవాలి. సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చేదాకా ఈ-కోర్ట్స్‌లో ఆ తేదీ ఉత్తర్వు తెరిచి ఫోన్‌లో దాచుకోండి. మళ్లీ వస్తే వారెంట్ చూపించమనండి, అడిగితే చూపాలని చట్టమే చెబుతోంది. దాని తేదీ రీకాల్ కంటే ముందుదా, తర్వాతదా చూడండి. తర్వాతదైతే మీ తమ్ముడు మళ్లీ వాయిదా తప్పాడన్నమాట.

ప్రశ్న: గుంటూరు కోర్టు వారెంట్ మీద బెంగళూరులో పట్టుకోవచ్చా? (బెంగళూరు)

జవాబు: పట్టుకోవచ్చు. వారెంట్ దేశమంతటా చెల్లుతుంది. అయితే వేరే జిల్లాలో పట్టుకున్నప్పుడు, జారీ చేసిన కోర్టు 30 కిలోమీటర్ల లోపు లేకపోతే, మిమ్మల్ని ముందు అక్కడి మేజిస్ట్రేటు దగ్గరికో పోలీసు ఉన్నతాధికారి దగ్గరికో తీసుకెళ్లాలి. బెయిలబుల్ నేరమై మీరు జామీను ఇవ్వగలిగితే ఆ మేజిస్ట్రేటే బెయిలిచ్చి బాండును గుంటూరు పంపాలి. చెక్కు బౌన్స్ బెయిలబుల్ నేరమే. ఈ సంగతి తెలియక రాత్రికి రాత్రి బండెక్కి వచ్చేసేవాళ్లు చాలామంది.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. కోడలు పెట్టిన 498ఎ కేసులో ఎన్‌బీడబ్ల్యూ ఉందని తెలిసింది. ఇక్కడికి రాకుండా తీయించవచ్చా? పాస్‌పోర్టు రెన్యువల్ దగ్గరపడింది. (విజయవాడ)

జవాబు: కాన్సులేట్‌లో ధ్రువీకరించిన వకాలత్, ప్రమాణపత్రంతో ఇక్కడ పిటిషన్ వేయొచ్చు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కోర్టు ఇష్టం. ఒప్పుకోకపోతే, పైన చెప్పినట్టు హైకోర్టుకు వెళ్లి ప్రయాణానికి గడువు అడగాలి. వారెంట్ ఉన్నట్టు పాస్‌పోర్టు అధికారి దృష్టికి వస్తే కొత్తది ఇవ్వకుండా ఆపొచ్చు, ఉన్నదాన్నీ స్వాధీనం చేసుకోవచ్చు. పాస్‌పోర్టు చట్టంలో 6, 10 సెక్షన్లు చూడండి. ఇంకొకటి, పోలీసులు లుకౌట్ సర్క్యులర్, అంటే విమానాశ్రయంలో ఆపమనే నోటీసు, కూడా ఇప్పించి ఉంటే వారెంట్ రీకాల్ అయినంత మాత్రాన అది పోదు. దాన్ని కోరిన పోలీసు అధికారే వెనక్కి తీసుకోమని ఇమిగ్రేషన్‌కు రాయాలి. రీకాల్ ఉత్తర్వు పెట్టి ఆ అధికారికి వేరే అర్జీ ఇవ్వండి. రాయించేదాకా టికెట్టు కొనొద్దు.

ప్రశ్న: భార్యకు మనోవర్తి బాకీ పడ్డాను. వారెంట్ వచ్చింది. రీకాల్ పిటిషన్ సరిపోతుందా? (కరీంనగర్)

జవాబు: సరిపోదు. ఇది హాజరు కోసం కాదు, డబ్బు కోసం వచ్చిన వారెంట్. చేతనైనంత డీడీ తీసి, మిగతాది ఎన్ని వాయిదాల్లో కడతారో రాసిన మెమోతో వెళ్తే కోర్టు వినే అవకాశం ఉంటుంది. కట్టకపోతే బాకీపడిన ఒక్కో నెలకు నెల దాకా జైలు వేయొచ్చు. జైలుకెళ్లొచ్చినా బాకీ మాఫీ కాదు. ఉద్యోగం పోయి నిజంగా కట్టలేకపోతే మనోవర్తి తగ్గించమని వేరే పిటిషన్ ఉంది, అది ఇప్పుడే వేయండి.

ప్రశ్న: యాక్సిడెంట్ కేసులో నేను సాక్షిని మాత్రమే. నాకూ వారెంటా? (శ్రీకాకుళం)

జవాబు: సమన్లు అందుకుని రాకపోతే సాక్షికీ ఇస్తారు. ఆ కోర్టులోని ప్రభుత్వ న్యాయవాది (పీపీ)ని కలిసి, వాయిదా రోజున సాక్ష్యం చెప్పి వెళ్తానంటే చాలావరకు అక్కడితో ముగుస్తుంది.

ప్రశ్న: వాట్సాప్‌లో నా పేరుతో అరెస్టు వారెంట్ వచ్చింది. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న మనిషి, డబ్బు కడితే రద్దు చేస్తామంటున్నాడు. (హైదరాబాద్)

జవాబు: కట్టకండి, కాల్ కట్ చేయండి. ఇది మోసం. అసలు వారెంట్ స్టేషన్ అధికారి పేర రాసి ఉంటుంది. దాని మీద కోర్టు పేరు, కేసు నంబరు, సెక్షన్, న్యాయాధికారి సంతకం, కోర్టు ముద్ర ఉంటాయి. దాన్ని రద్దు చేసేది జారీ చేసిన కోర్టే, యూపీఐ కాదు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. అందులోని కేసు నంబరును ఈ-కోర్ట్స్‌లో కొట్టి చూడండి, దొరకదు, లేదా ఇంకెవరిదో కేసు వస్తుంది. డబ్బు వేసేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. కొన్ని గంటల్లోపే అయితే బ్యాంకులో ఆ మొత్తాన్ని ఆపించగలిగే వీలుంటుంది.

ప్రశ్న: లాయరును పెట్టుకునే స్తోమత లేదు. (ఆదిలాబాద్)

జవాబు: కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, మండల స్థాయిలోనూ కమిటీలున్నాయి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, చట్టం చెప్పిన మరికొన్ని వర్గాలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. వారెంట్ అమలు కాకముందే వెళ్లండి. కేసు నంబరు, వచ్చే వాయిదా తేదీ రాసిన చీటీ, ఆధార్ జిరాక్సు తీసుకెళ్లండి.