మూడో తరగతి మళ్లీ ఊరి బడికి

ప్రశ్న: మా ఊరి ప్రాథమిక పాఠశాలలోని 3, 4, 5 తరగతులను 2022లో పక్క ఊరి ఉన్నత పాఠశాలలో కలపడంతో మా పిల్లలిద్దరినీ ప్రైవేటు బడిలో చదివిస్తున్నాము. ఇప్పుడు ఆ తరగతులు తిరిగి వచ్చాయి. చిన్నవాణ్ణి ఇక్కడ మూడో తరగతిలో చేర్చవచ్చునా? ప్రైవేటు బడివారు టీసీ ఇవ్వడంలో జాప్యం చేస్తున్నారు.
– ఒక తల్లి, పల్నాడు జిల్లా

జవాబు: నిరభ్యంతరంగా చేర్చవచ్చును. 2009 నాటి విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ప్రధానోపాధ్యాయులు టీసీని వెంటనే ఇవ్వాలి. అది రాలేదన్న కారణంతో ప్రవేశాన్ని ఆపడానికి కొత్త బడికి అధికారం లేదు.

బోధన సంగతికి కొంత వివరం అవసరం. 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీవో, మూడో తరగతి నుంచే సబ్జెక్టు ఉపాధ్యాయులు పాఠం చెప్పాలన్న ఉద్దేశంతో ఆ తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించింది. ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. అయితే ఊళ్లో మిగిలిన 1, 2 తరగతులకు చాలాచోట్ల ప్రాథమిక తరగతులకు బోధించే సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్‌జీటీ) ఒక్కరే దిక్కయ్యారు. ఎనిమిదేళ్ల పిల్లలను పెద్ద రోడ్డు దాటించి పంపడానికి జంకిన తల్లిదండ్రులు, గుమ్మం ముందు ఆగే ప్రైవేటు బడి వ్యాను ఎక్కించారు. పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు నిర్ణయిస్తారు కనుక, ఒక ఏడాది తగ్గిన ప్రవేశాలు తరువాతి ఏడాది ఉపాధ్యాయుడినీ తగ్గిస్తాయి.

2025లో ఆ జీవోను రద్దు చేసి ప్రాథమిక తరగతులను మళ్లీ ఒకచోటికి తెచ్చారు. పిల్లలు తగినంతమంది ఉన్న మోడల్ ప్రైమరీ పాఠశాలల్లో తరగతికొక ఉపాధ్యాయుడు ఉంటారన్నది ఇందులో అసలైన మేలు. అయితే అన్ని ఊళ్లకూ ఆ భాగ్యం లేదు. విద్యాహక్కు చట్టం లెక్కలోనే 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉపాధ్యాయులు. ఇద్దరు అయిదు తరగతులు చూసే బడిలో, ఒక తరగతికి పాఠం జరుగుతుంటే పక్క తరగతి పలకల మీద ఎక్కాలు రాస్తూ ఉండవలసిందే.

కాబట్టి చేర్చేముందు ఒక పూట బడికి వెళ్లి, ఉపాధ్యాయులు ఎందరో, మూడో తరగతిని ఏ తరగతితో కలిపి కూర్చోబెడుతున్నారో చూడండి. మీ ఊరిలో మరికొన్ని కుటుంబాలు ఇదే ఆలోచనలో ఉంటే కలిసి ఒకేసారి చేర్పించండి. వచ్చే ఉపాధ్యాయ పోస్టుల సర్దుబాటులో ఆ పేర్లన్నీ లెక్కకు వస్తాయి.