రెండు డబ్బాలు, ఒక బండి: మేనల్లుడికి జాబు

రాయలచెరువు రోడ్డు, తిరుపతి

అల్లుడూ,

నువ్వు ఫోన్లో పంపిన ఫోటో చూసినా. రెవెల్ వాళ్ల 1932 ఫోర్డు ఒకటి, మోనోగ్రామ్ వాళ్ల 1955 షెవీ (షెవ్రొలే) ఒకటి, అతికించి చేసే ప్లాస్టిక్ బొమ్మకార్ల కిట్లు రెండు డబ్బాలూ తెరిచి మంచం మీద పరిచేసినావు. షెవీ ఇంజను తీసి ఫోర్డులో పెడితే కిట్టు చెడిపోతుందేమో అని అడుగుతా ఉండావు. ఏం చెడిపోదు. హాట్ రాడ్ అనేదే, అంటే వేగం కోసం మార్చిన పాత కారే, అట్ల పుట్టింది. దక్షిణ కాలిఫోర్నియా కుర్రోళ్లు పాత ఫోర్డులకు ఎవరి బండి ఇంజనో తగిలించి, మురాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిన చెరువుల్లో పరిగెత్తించేవాళ్లు. ఆ పందేలకు 1937లోనే సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అని సంఘం కూడా పెట్టుకున్నారు. నువ్వు చేసేది అదే పని, రవ్వంత చిన్న సైజులో.

కానీ ఇంజనుతో మొదలుపెట్టొద్దు. క్రోము మెరుస్తా ఉంటే అందరి చెయ్యీ ముందు ఆడికే పోతుంది. హాట్ రాడ్‌కు అందం అది నిలబడే తీరులో ఉంటుంది. వెనక పెద్ద టైర్లు, ముందర చిన్నవి, ముక్కు రవ్వంత కిందికి. ముందు ఫ్రేము, యాక్సిల్, చక్రాలు తాత్కాలికంగా నిలబెట్టి, బాడీ పైన పెట్టి, బల్ల ఎత్తుకు కన్ను దించి పక్కనుంచి చూడు. ఆ తీరు నీకు నచ్చేదాకా ఇంజను డబ్బాలోనే ఉండనీ. ఇంజను ఎత్తును నిర్ణయించేది ఫ్రేము, ఫ్రేము ఎత్తును నిర్ణయించేది టైరు.

ఇంగ కొలత సంగతి. నీ ఫోర్డు 1/25, అంటే అసలు బండిలో ఇరవై ఐదో వంతు, షెవీ 1/24. అమెరికా కిట్లు ఎక్కువగా 1/25లో వస్తాయి, పాత మోనోగ్రామ్‌వి, జపాన్ తమియావి 1/24. 1986లో రెవెల్, మోనోగ్రామ్ ఒకటైపోయినాయి కాబట్టి ఇప్పుడు రెవెల్ పేరు మీద రెండు స్కేళ్లూ దొరుకుతాయి. పేరు చూసి నమ్మొద్దు. రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో ఫిట్టరుగా ఉన్నన్నాళ్లూ నేను కాగితం కన్నా వెర్నియరు కొలబద్దనే నమ్మినా. అసలు 1932 ఫోర్డుకు ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 106 అంగుళాలు. 1/25లో అది 107.7 మిల్లీమీటర్లు, 1/24లో 112.2. నాలుగున్నర మిల్లీమీటర్ల తేడా గుడ్డోడికైనా కనపడుతుంది. కాబట్టి ఒక స్కేలు ఫ్రేము మీద ఇంకో స్కేలు బాడీ ఎక్కించొద్దు. ముందద్దం చట్రం, తలుపులు కూడా అంతే. ఇంజనులో మాత్రం ఆ తేడా ఒక మిల్లీమీటరు అటూ ఇటూనే, ఎవరూ పట్టలేరు. చక్రాలూ అంతే, నాలుగూ ఒకే కిట్టువైతే చాలు.

షెవీ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను)తో అసలు తిప్పలు వేరే ఉంది. ఫోర్డు పాత ఫ్లాట్‌హెడ్ ఇంజనుకు డిస్ట్రిబ్యూటర్, అంటే ప్లగ్గులకు కరెంటు పంచేది, ముందర ఉంటుంది. 1955లో వచ్చిన షెవీ స్మాల్ బ్లాకు ఇంజనుకు వెనక ఉంటుంది, అది పోయి ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజనుకూ సీట్లకూ మధ్య గోడకు, గుద్దుకుంటుంది. ఇంజను ముందుకు జరిపితే ఫ్యాను రేడియేటర్‌కు తగులుతుంది. నన్నడిగితే ఫ్యాను తీసెయ్, అప్పటికీ చాలకపోతే ఫైర్‌వాల్‌లో డిస్ట్రిబ్యూటర్ పట్టేంత గూడు కొయ్. నిజం బండ్లలోనూ అదే చేస్తారు, చూసినోళ్లు తెలిసే చేసినాడంటారు. కింద ఆయిల్ పాను అడ్డబద్దెకు తగులుతుందా, పక్కన ఎగ్జాస్టు పైపులు స్టీరింగు బాక్సుకు తగులుతాయా చూసుకో. బ్లాకు, హెడ్లు, పాను, గేరుబాక్సు మాత్రం అతికించి, బ్లూటాక్ అనే అంటుకునే మెత్తటి ముద్దలతో ఫ్రేములో నిలబెట్టి, బాడీ, రేడియేటర్ పెట్టి చూసినాకనే రంపం పట్టు. షెవీ ఫ్రేములోని ఇంజను మౌంట్లు కూడా కోసి తెచ్చుకో, కొత్తగా చేసే పని తప్పుతుంది.

ముందుముందు ఏఎంటీ కంపెనీ పాత కిట్ల ఇంజన్లు కొంటే బ్లాకును అటూ ఇటూ తిప్పి చూడు. కొన్నిట్లో ముందు యాక్సిల్ ఇనప కడ్డీ బ్లాకులోంచే దూరి పోతుంది. ఆ బొక్కలో స్ప్రూ (కిట్టులో విడిభాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కడ్డీ) ముక్క దూర్చి, జిగురేసి, ఆకురాయితో సమం చేస్తే సరి.

క్రోము మీద జిగురు పట్టదు. అతికేచోట గీకెయ్యాల. మొత్తం తియ్యాలంటే ద్రవం బ్లీచులో నానబెట్టు, కిటికీ తెరిచిపెట్టి. ఆ బ్లీచులో బాత్రూము కడిగే యాసిడ్ చుక్క కూడా పడకూడదు, క్లోరిన్ గాలి పుడుతుంది. మీ అమ్మకు కూడా చెప్పు. అద్దాలకు ఫెవిక్విక్ వద్దు, దాని ఆవిరికి మసకబారతాయి. ఫెవికాల్ చాలు.

సన్నాకురాళ్లు, చిన్న డ్రిల్లు బిట్లు ఆన్‌లైన్లో కొని డబ్బు పోగొట్టుకోవద్దు. కంసాలుల సామాన్లమ్మే అంగట్లో అడుగు, అవే పనిముట్లు.

రంగు గురించి ఇప్పుడే తొందరేం లేదు. కత్తిరి ఎండల్లో మధ్యాన్నం స్ప్రే కొడితే రంగు గాలిలోనే ఎండి గరుకుగా పడుతుంది, కార్తీకం వానల్లో కొడితే తెల్లగా పాలిపోతుంది. పొద్దున ఎనిమిదిలోపల, మబ్బు లేనిరోజు. విడిభాగాలు కారులో ఎండకు వదిలిపెట్టొద్దు, వంకర పోతాయి.

మోడల్ ఏ (1932కు ముందరి ఫోర్డు) బాడీని 1932 ఫ్రేము మీద పెట్టాలని కూడా రాసినావు. అది మంచి ఆలోచన, శానా పాత పద్ధతి. 1932 ఫ్రేముకు పక్కన ఒత్తిన గీత ఉంటుంది, ఫెండర్లు (మడ్‌గార్డులు) తీసేస్తే అదే అందం. మోడల్ ఏకు ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 103.5 అంగుళాలు, అంటే 1/25లో రెండున్నర మిల్లీమీటర్లు తక్కువ. దాన్ని యాడ సర్దాలనేది కిట్టు చేతికొచ్చినాక చూద్దాం. ఇప్పుడు ఈ బండి పూర్తి చెయ్.

మిగిలిన షెవీని పారెయ్యొద్దు. ఇరుసులు, సీట్లు, స్టీరింగు, అన్నీ చిన్న చిన్న జిప్ కవర్లలో కట్టి, ఏ కిట్టుదో, ఏ స్కేలో పైన రాసిపెట్టు. టైర్లు మాత్రం వేరే కవర్లో. మెత్తటి వినైల్ టైరు ప్లాస్టిక్‌కు ఆనుకుని ఏళ్ల తరబడి ఉంటే దాన్ని కరిగించేస్తుంది, పాత డబ్బాల్లో చక్రాలు టైర్లకు అతుక్కుని కనపడేది అందుకే.

వచ్చే ఆదివారం నువ్వు తిరుపతికి వస్తే, బాడీ వద్దు, ఫ్రేము, ఆ ఇంజను బ్లాకు, నాలుగు టైర్లు తీసుకురా. వెర్నియరు నా దగ్గర ఉంది.

మీ మామ